అపాస్ట్రఫీ ముందా, వెనకా? ఒక పాత పాటల రాత్రి పోస్టర్ కథ

పోస్టర్ ప్రూఫ్ నాలుగు కాపీలు తీసి పంపిస్తే, రెండు రోజుల తర్వాత నాలుగూ నాలుగు రకాలుగా తిరిగొచ్చాయి. ఒకదాని నిండా ఎర్ర ఇంకు. ఒకదాని మీద పెన్సిలుతో పొందికగా వేసిన గుర్తులు. ఒకదాన్ని ఫొటో తీసి, దాని మీద వేలితో పచ్చ గీతలు గీసి వాట్సాప్‌లో పంపారు. నాలుగోదాన్ని ఎవరూ దిద్దలేదు, దాని వెనకాల పాలవాడి లెక్క రాసి ఉంది. ఆ నాలుగో కాపీ తెచ్చిచ్చిన ఆయన గుమ్మంలో నిలబడి, “ఏమ్మా, సుశీల గారు వస్తున్నారా?” అని అడిగారు. మిగతా ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ కేసులో నా తప్పు అక్కడే మొదలైంది.

విజయవాడ గవర్నర్‌పేటలో నాకు డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు నా పని. ఈ ఆరేడేళ్లుగా చిన్న కార్యక్రమాలకు పబ్లిసిటీ మొత్తం కూడా చూస్తున్నాను. ఈ మధ్య ప్రతి కాలనీలోనూ ఒక కరోకే గ్రూపు పుట్టింది కదా, అలాంటి ఒక గ్రూపు నా దగ్గరికి వచ్చింది. నెలకోసారి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పాడుకునేవాళ్లు. ఈసారి హాలు తీసుకుని, ఆర్కెస్ట్రా పెట్టి, టికెట్లు అమ్మి 1980ల నాటి సినిమా పాటలతో ఒక రాత్రి చేద్దామనుకున్నారు. డిసెంబరులో ఒక శనివారం. చేతిలో 11 రోజులున్నాయి. పోస్టరు, వెయ్యి కరపత్రాలు, ఆరడుగులు బై నాలుగడుగుల ఫ్లెక్సీలు 12, వాట్సాప్ మెసేజ్, ఇన్‌స్టాగ్రామ్. ఇంతే పని.

మాట్లాడటానికి నలుగురు వచ్చేవాళ్లు. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన ఒకాయన, ఆయన ఇంగ్లీషు స్పష్టంగా ఉంటుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. మేనేజరు గారి మేనల్లుడు, ఇన్‌స్టాగ్రామ్ అతని చేతిలో ఉంది. నాలుగో ఆయనది కరెంటాఫీసు. మిగతావాళ్లు మాట్లాడుతుంటే ఆయన ఎక్కువగా టీ తాగుతూ కూర్చునేవారు.

పేరు దగ్గర మొదలైంది

గ్రూపు ముందుగా చెప్పిన పేరు “80'స్ రెట్రో నైట్”. నేను అలాగే కొట్టాను. మేనేజరు గారు పెన్సిలుతో “స్” ముందు పైన ఉన్న ఆ చిన్న గుర్తును, అంటే అపాస్ట్రఫీని చుట్టి, బాణం గీసి 8కి ముందు పెట్టారు. ఆయన చెప్పింది ఇంగ్లీషు లెక్క ప్రకారం సరైనదే. 1980లో 19 ఎగిరిపోయింది, ఎగిరిపోయినచోట గుర్తు పెట్టాలి కాబట్టి '80స్. వెనక పెడితే అది “80కి చెందిన” అవుతుందని ఆయన వాదన. న్యూజెర్సీలో ఉన్న అల్లుడు గారిని కూడా ఫోనులో లైన్లోకి తెచ్చారు. ఇందులో ఒక చిన్న చిక్కుంది. న్యూయార్క్ టైమ్స్ లాంటి పత్రిక కూడా చాలా ఏళ్లు దశాబ్దాలను 1980'స్ అని అపాస్ట్రఫీతోనే రాసి, తర్వాత మానేసింది. ఆ మాట నేనంటే ఆయన, “వాళ్లు మానేశారు కదమ్మా, మనమెందుకు పట్టుకోవాలి?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సరే, ముందు పెట్టాను. మర్నాడు ఫోను. “అమ్మా, అది తిరగబడింది.” నిజంగానే తిరగబడింది. కొటేషన్ మొదలయ్యే గుర్తు 6 ఆకారంలో ఉంటుంది, ముగిసేది 9 ఆకారంలో. అపాస్ట్రఫీ ఎప్పుడూ 9 ఆకారమే. కానీ ఖాళీ తర్వాత, అంకెకు ముందు ఆ కీ నొక్కితే సాఫ్ట్‌వేర్ “ఓహో, కొటేషన్ మొదలవుతోంది” అనుకుని 6ని కూర్చోబెడుతుంది. పోస్టరు మీద అది పావంగుళం ఉంది. ఆరడుగుల ఫ్లెక్సీ మీద అరచేయంత ఉంటుంది. మామూలు ఇంగ్లీషు ఫాంటులో అయితే ఆల్ట్ నొక్కి పట్టుకుని 0146 కొడితే సరిపోతుంది. మన పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో ఆ నంబర్ల దగ్గర తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి. నేను కొడితే 80 ముందు ఏదో వత్తు వచ్చి వేలాడింది. చివరికి ఆ ఒక్క గుర్తుకు ఫాంటు మార్చి, సైజు తగ్గించి, కొంచెం పైకి లేపి కూర్చోబెట్టాను. అరగంట పట్టింది. అరగంటలో ఒక శుభలేఖ కంపోజ్ అయిపోతుంది నాకు.

ఇంతా చేశాక మాస్టారు ఎర్ర ఇంకుతో దాన్ని మొత్తంగా కొట్టేశారు. “తెలుగులో అపాస్ట్రఫీ అనే అక్షరమే లేదు. 80ల అనండి, అయిపోతుంది.” వ్యాకరణం మాట వచ్చిందంటే మాస్టారు బాలవ్యాకరణం దగ్గరికి వెళ్తారు. మేనేజరు గారు ఊరుకోలేదు. “అందులో కామాకీ ఫుల్‌స్టాప్‌కీ సూత్రం ఉందా?” అని అడిగారు. లేదు. పది పరిచ్ఛేదాల్లో సంజ్ఞ నుంచి ప్రకీర్ణకం దాకా అన్నీ ఉన్నాయి గానీ కామా గురించి ఒక్క సూత్రం లేదు. కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం అన్నీ మనకు అచ్చుతో పాటు ఇంగ్లీషు నుంచి వచ్చినవే. మాస్టారు ఒప్పుకున్నారు గానీ ఎర్ర గీత చెరపలేదు.

మేనల్లుడిది మూడో మాట. ముందూ వద్దు, వెనకా వద్దు. హ్యాష్‌ట్యాగ్‌లో అపాస్ట్రఫీ వస్తే ట్యాగ్ అక్కడే తెగిపోతుంది, 80 మాత్రం మిగులుతుంది. కాబట్టి “80స్”.

నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు ఆసక్తి పుట్టింది. ముగ్గురూ చదువుకున్నవాళ్లే, ముగ్గురూ తమ లెక్కలో కరెక్టే. చదివేవాళ్ల సంగతేంటి? నాలుగు పేర్లూ నాలుగు చీటీల మీద ప్రింటు తీసి కిందికి వెళ్లాను. టీ కొట్టతనికి “80స్” చూపిస్తే “ఎనభై... స్?” అని ఆగిపోయాడు. ఆటో అతను “ఎనభైస్ అండి, ఏదన్నా బ్రాండా?” అన్నాడు. “'80స్” కూడా అంతే, ముందున్న గుర్తును ఇద్దరూ అసలు చూడలేదు. “80'స్” చూడగానే మాత్రం ఇద్దరూ తడుముకోకుండా “ఎయిటీస్” అన్నారు.

దీని గురించి తర్వాత చాలాసేపు ఆలోచించాను. మన బోర్డుల మీద పేరు పక్కన '‌స్ తగిలించిన టిఫిన్ సెంటర్లు, బ్యూటీ పార్లర్లు వీధికొకటి ఉంటాయి. ఆ గుర్తును తెలుగు కన్ను వ్యాకరణంగా చూడదు. “ఇక్కడి నుంచి ఇంగ్లీషులో చదువు” అనే సైగగా చూస్తుంది. అంటే మేనేజరు గారు తప్పన్న రూపమే మా వీధిలో సరిగ్గా పలికింది. ఇక “80ల పాటలు” చూపిస్తే ఇద్దరూ చదవడమే కాదు, టీ కొట్టతను “మా నాన్న వింటాడు” అని కూడా అన్నాడు.

చీటీలు పట్టుకెళ్లి నలుగురి ముందూ పెట్టాను. మాస్టారి ముఖం వెలిగింది. మేనేజరు గారు, “ఆటో అతను వచ్చి టికెట్ కొంటాడా?” అన్నారు. కొనకపోవచ్చు. కానీ టికెట్ కొనేవాళ్లు ఆటోలో వెళ్తూ ఆ ఫ్లెక్సీని మూడు సెకన్లు చూస్తారు, ఆ మూడు సెకన్లలో వాళ్ల చదువు ఏం పనికొస్తుంది? పేరు చివరికి “ఎనభైల పాటల రాత్రి” అని అక్షరాల్లోనే వేశాం. అంకె లేదు, అపాస్ట్రఫీ లేదు. హ్యాష్‌ట్యాగ్‌కు కూడా ఇబ్బంది లేదు.

అక్కడితో అయిపోలేదు. ఎనభైలు అంటే ఎక్కడి నుంచి అని ఇంకో గంట. శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది, కానీ దానికి జాతీయ అవార్డులు వచ్చింది 1979 సినిమాల లెక్కలో. మరి ఆ పాటలు జాబితాలో ఉండొచ్చా? ఉండొచ్చని నలుగురూ ఏకగ్రీవంగా అన్నారు. ఆ 11 రోజుల్లో అలా జరిగింది ఆ ఒక్కసారే.

చుక్కలు

మూడు రోజులు పేరుకు పోయాయి. తర్వాత చుక్కల వంతు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం అని రాయాలా, ఎస్. పి. అని ఖాళీలు ఇవ్వాలా, ఎస్పీ అని కలిపేయాలా? పాత పోస్టర్ల మీద “యస్” ఉండేది కదా, రెట్రో అన్నాక “యస్” అనే ఉండాలి కదా? మాస్టారు “బ్రమ్మణ్యం” కాదు “బ్రహ్మణ్యం” అని నాలుగు చోట్ల గుర్తు పెట్టారు. అది మంచి పనే, రెండు చోట్ల నిజంగానే తప్పు పడింది. ఖాళీల సంగతి నేనే తేల్చేశాను. ఖాళీ ఇస్తే ఫ్లెక్సీలో “ఎస్.” ఒక లైనులో, “పి.” ఇంకో లైనులో పడుతుంది. పేరు రెండుగా చీలితే చూడటానికి బాగుండదు. కలిపి వేశాను.

వాట్సాప్ మెసేజ్‌లో కంటికి కనపడని గొడవ ఒకటి వచ్చింది. మేనల్లుడు ఫోనులో “నైట్కి రండి” అని కొట్టాడు, ట కింద క వత్తు పడింది. “ఇది ఏ భాష నాయనా?” అన్నారు మాస్టారు. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఆపే గుర్తు ఒకటి యూనికోడ్‌లో ఉంది. కొడితే కనపడదు, కొట్టకపోతే మాత్రం తెలిసిపోతుంది. అది చాలా ఫోను కీబోర్డుల్లో వెతికితే గానీ దొరకదు. “రాత్రికి రండి” అని మార్చాం. అదే మెసేజ్‌లో గూగుల్ ఫారం లింకు చివర ఖాళీ లేకుండా “లో” తగిలించాం, “లో టికెట్లు తీసుకోండి” అని. ఆ “లో” లింకులో కలిసిపోయి పేజీ తెరుచుకోలేదు. ఒక పూట పోయింది. లింకును ఒంటరిగా కింద లైనులో పెట్టాం. ఇంగ్లీషులో ఈ బాధ ఇంతగా ఉండదు. మన ప్రత్యయాలు పక్కన నిలబడవు, వచ్చి అతుక్కుంటాయి.

టైము దగ్గర మాత్రం మాస్టారి చాదస్తం మేలు చేసింది. “సా. 6.30 గం.లకు” అని నేను అలవాటుగా వేశాను. ఆయన, “ఆరు గంటలు సరే, ముప్పై కూడా గంటలేనా?” అన్నారు. “సా. 6 గం. 30 ని.లకు” అని వేస్తే ఒక లైనులో మూడు చుక్కలు, వానలో తడిసినట్టుంది. కాసేపు కొట్టుకుని “సాయంత్రం ఆరున్నరకు” అని వేశాం. ఇప్పుడు నా షాపులో అన్ని కరపత్రాల మీదా ఆరున్నరే.

ఫైలు ప్రింటుకు వెళ్లిన రోజు మేనేజరు గారు ఒక విషయం చెప్పారు. ఇంగ్లండ్‌లో రిటైరైన జర్నలిస్టు ఒకాయన 2001లో అపాస్ట్రఫీని కాపాడటానికి ఏకంగా ఒక సంఘమే పెట్టాడట, 2019లో మూసేశాడట. “నాకు ఆయన బాధ అర్థమైంది,” అన్నారు. నాకూ అర్థమైంది, కొంచెం వేరేగా.

ఎవరూ చూడనివి

ఫ్లెక్సీలు కట్టిన మర్నాడు నా ఫోను మోగడం మొదలైంది. కాంటాక్టు నంబర్లలో నాదీ ఒకటి. మొదటి ఫోను ఒక పెద్దాయనది. “బాలు గారు లేరు కదమ్మా, మరి ఆయన పాటలు సుశీల గారితో ఎవరు పాడతారు?” నాకు అర్థం కాలేదు. రెండోది, “జానకి గారు మొత్తం ఉంటారా, ఇంటర్వెల్ దాకానా?” మూడోది వచ్చేసరికి గుండె జారిపోయింది. కంప్యూటర్లో ఫైలు తెరిచి, ఫోను కెమెరాలో ఫ్లెక్సీ ఎంత కనిపిస్తుందో అంతకు తగ్గించి చూశాను.

పైన పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: “సుశీల • జానకి • బాలు”. దాని కింద, పదో వంతు సైజులో, “ఆలపించిన అపురూప గీతాలు”. ఇంకా కింద గ్రూపు సభ్యుల పేర్లు, చీమల బారులా.

ఆ గుండ్రటి చుక్కలు నేనే పెట్టాను. కామా పెడితే వాక్యంలా ఉంటుంది, చుక్క పెడితే డిజైన్‌లా ఉంటుందని. కానీ మన ఊళ్లో గోడ మీద చుక్కతో విడదీసిన పేర్లు అంటే అర్థం ఒకటే, వాళ్లు స్టేజి మీదికి వస్తున్నారని. మ్యూజికల్ నైట్ పోస్టర్లన్నీ అలాగే వేస్తాం. నేనే కొన్ని వందలు వేసి ఉంటాను. బాలు గారు 2020 సెప్టెంబరులో పోయారని ఊరందరికీ తెలుసు, అయినా ఆ చుక్కల బలం చూడండి, “ఆయన బదులు ఎవరు?” అని అడిగారు గానీ “ఇది పాటల పేరేనా?” అని ఎవరూ అడగలేదు. ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ ప్రూఫ్ రోజునే అడిగారు, మేం నవ్వాం.

రెండోది ధర. టికెట్ ఒకరికి 300, ఇద్దరు కలిసి వస్తే 500. పోస్టర్ మీద ఉన్నది: “టికెట్ (ఒకరికి/జంటకు): రూ.300/500/-”. చివరి అడ్డగీత, చిన్న గీత మేనేజరు గారి పట్టుదల. చెక్కు మీద అంకె తర్వాత ఇంకెవరూ సున్నా తగిలించకుండా వేసే గుర్తు అది, షిల్లింగుల కాలం నుంచి వస్తోంది. బ్యాంకులో 30 ఏళ్లకు పైగా చేసిన మనిషికి అది లేని అంకె గొళ్లెం పెట్టని తలుపులా కనిపిస్తుంది. ₹ గుర్తు వేద్దామంటే మన పాత ఫాంటులో అది లేదు, 2010లో వచ్చిన గుర్తు కదా. ఫలితంగా ఒక్క లైనులో మూడు అడ్డగీతలు, మూడింటికీ మూడు అర్థాలు. మొదటిది “లేదా”, రెండోది “వరసగా”, మూడోది “ఇక్కడితో సరి”. ఫోనులో అడిగినవాళ్లు: “500 టికెట్ 300కే ఇస్తున్నారా?”, “300 అంటే వెనక కుర్చీలా?”, “జంట అంటే పెళ్లయినవాళ్లేనా, మా అక్కాచెల్లెళ్లం రాకూడదా?” ఆ చివరి ప్రశ్న నాకు చాలా నచ్చింది. పంక్చుయేషన్ తప్పు ఒకటి అడిగితే మాట తప్పు కూడా దొరికింది.

గురువారం రాత్రి కూర్చుని తెల్ల స్టిక్కర్లు కోయించాను. ఒకటి పేర్ల కింద: “ఈ పాటలు పాడేది మా సభ్యులు.” రెండోది ధర మీద: “ఒక్కరికి 300 రూపాయలు. ఏ ఇద్దరు కలిసి వచ్చినా 500.” గుర్తులు లేవు, బ్రాకెట్లు లేవు. శుక్రవారం ఆ కరెంటాఫీసు ఆయన నిచ్చెన వేసుకుని నాతో వచ్చారు. స్తంభాలు ఎక్కడం ఆయనకు అలవాటే. దారిలో ఆయన ఆ రోజు నవ్విన సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బెంజ్ సర్కిల్ అవతల కట్టిన నాలుగింటికి చీకటి పడేలోగా చేరలేకపోయాం. కరపత్రాలు అప్పటికే పంచేశారు.

శనివారం గేటు దగ్గర నిలబడ్డాను, నా పని కాకపోయినా. ధర దగ్గర పెద్ద గొడవ రాలేదు, ఒకాయన మాత్రం భార్యతో 300 పట్టుకొచ్చి, “500 అంటే సోఫాలు కదా, మాకు కుర్చీలు చాలు” అన్నారు. ఆయనకు 300కే ఇచ్చేశాం. రాసిన దాని ప్రకారం ఆయన చదివింది తప్పని నేను వాదించలేను. సుశీల గారి కోసమని ఎనిమిది మంది వచ్చారు. అందులో ఒకావిడ గుడివాడ నుంచి బస్సులో, ఒక్కర్తే. చేతిలో మా కరపత్రం నాలుగు మడతలుగా ఉంది. “ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దామనమ్మా,” అంది. చెప్పాను. కరపత్రం విప్పి, చిన్న అక్షరాల లైను మీద వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. “ఇక్కడుందే,” అంది, తప్పు తనదే అన్నట్టు. డబ్బు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ముందు వరసలో కూర్చోబెట్టాం. ఇంటర్వెల్‌లో లేచి, “మీవాళ్లు బాగానే పాడుతున్నారు” అని చెప్పి బస్సుకు వెళ్లిపోయింది.

హాలు ముప్పాతిక నిండింది. లెక్కలో స్టిక్కర్ల ఖర్చు గ్రూపు భరిస్తామంది, సగం నేను పెట్టుకున్నాను.

ఆ తర్వాత ప్రూఫ్ పంపే పద్ధతి మార్చాను. ముందు డిజైన్ పంపను. తెల్ల కాగితం మీద ఎవరు పాడతారు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత అనేవి ఒకే సైజు అక్షరాల్లో వేసి, గ్రూపుతో సంబంధం లేని ఒకరితో పైకి చదివిస్తాను. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ పెన్ను పెడతాను. ఎక్కువగా మా టీ కొట్టతనే చదువుతాడు, దానికి ఒక టీ డబ్బు ఎక్కువ తీసుకుంటాడు. ఆ తర్వాతే డిజైన్, ఆ తర్వాతే ఎర్ర ఇంకు. మాస్టారిని, మేనేజరు గారిని దూరం పెట్టాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. వాళ్లు పట్టిన తప్పుల్లో సగం నిజమైన తప్పులే. కాకపోతే పావంగుళం అపాస్ట్రఫీ మీద ముగ్గురు పెద్దమనుషులు మూడు రోజులు వంగి చూస్తుంటే, నేనూ వాళ్లతో పాటు వంగిపోయాను. నాలుగడుగులు వెనక్కి నిలబడి చూడాల్సింది నేను, దానికే నాకు డబ్బిచ్చేది.

పోయిన వారం నలుగురూ మళ్లీ వచ్చారు. ఈసారి రెండు దశాబ్దాలు కలిపి చేస్తారట. “ఎనభైలు, తొంభైలు” అని కామా పెట్టాలా, “ఎనభై-తొంభైల” అని చిన్న గీత పెట్టాలా అని మేనేజరు గారు అడిగారు. గీత పెడితే సమాసం అవుతుందని మాస్టారు మొదలుపెట్టారు. నేను హాలు బుక్ చేశారా అని అడిగాను.

కరెంటాఫీసు ఆయన టీ గ్లాసు కింద పెట్టి, “ఇంకా లేదమ్మా,” అన్నారు.